ఎనిమిదో పాఠంలో పడవ

కంటోన్మెంట్, విజయనగరం
జూలై 2016

ఒసే కుసుమా,

ఈ ఉత్తరంతో పాటు లాప్‌టాప్ కూడా మా తమ్ముడు తెచ్చి ఇస్తాడు. పాతదే. ఒక మూల పగిలింది గానీ బాగానే పనిచేస్తుంది. ఊరికే ఇస్తున్నానని మొహమాటపడకు. నీతో పని ఉంది.

నేను చేరిన కంపెనీలో వెబ్ పటాల పాఠాలు రాస్తాం. ఊళ్ళు, రోడ్లు, సముద్రం కనిపించే పటం ఒక వెబ్ పేజీలో తెరుచుకోవాలి. దాని మీద మనకు కావలసిన చోట గుర్తులు పెట్టుకోగలగాలి. అదెలా చేయాలో మెట్టు మెట్టుగా చెప్పే పాఠాలన్నమాట. ఇంగ్లీషులో ఉన్నవాటిని తెలుగులోకి తెచ్చే పని నాది. తెచ్చాను. చదివినవాళ్ళంతా బాగుందన్నారు, కానీ చదివినవాళ్ళంతా ఇంజినీర్లే. మా మేనేజరు నరసింగరావు గారు, "ఏమీ తెలీని మనిషి చేత చదివించమ్మా, అప్పుడు బయటపడుతుంది మన బండారం" అన్నారు. ఏమీ తెలీని మనిషి అనగానే నువ్వు గుర్తొచ్చావు. తిట్టుకోకు. టెక్కలి హాస్టల్లో నాకు లెక్కలు నేర్పింది నువ్వే. డిగ్రీ చివరి ఏడు చదువు ఆపి, పెళ్ళి చేసుకుని భావనపాడు వెళ్ళిపోకపోతే ఈ కుర్చీలో నువ్వే ఉండేదానివి.

ఎక్కడ ఆగిపోయావో, ఎక్కడ విసుగు పుట్టిందో ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి పంపు. ఫోన్లో వద్దు. ఫోన్లో అయితే నువ్వు నోరు తెరవగానే "అది కాదే, ఇలా" అని అడ్డుపడిపోతాను. ఉత్తరానికి అడ్డుపడలేను.

పాఠాలన్నీ కుదురుకున్నాక, తీరం ఊళ్ళలో ఆడపిల్లలకు ఇవి నేర్పడానికి ఒకరిని తీసుకుంటారట. నీ పేరు చెప్పి ఉంచాను.

ధనరాజు అన్నయ్యని, మీ అత్తగారిని అడిగానని చెప్పు.

నీ
అనూరాధ


భావనపాడు
ఆగస్టు 2016

అనూ,

నీ మొదటి పాఠంలో మొదటి వాక్యం, "వెబ్ పటం తయారుచేయడం చాలా తేలిక." వారం అయింది, నాకు రాలేదు. తేలికైనదే రాకపోతే ఇక నేనెందుకు పనికొస్తాను? మూసేసి, ఎండుచేపలు తిరగేసుకోవడానికి ఇసుకలోకి పోయాను. నీ మొహం గుర్తొచ్చి మళ్ళీ తెరిచాను. వేరేవాళ్ళకి నీ మొహం తెలియదు కదా, వాళ్ళు మళ్ళీ తెరవరు. ఆ వాక్యం తీసెయ్.

"ఎడిటర్ తెరవండి" అన్నావు. నాకు తెలిసిన ఎడిటర్ పేపరాఫీసులో ఉంటాడు. "ఈ వరుసలు అతికించండి" అన్నావు. పైనా, కిందా, నడుమనా? నడుమన అతికించాను. "ఇప్పుడు మీకు పటం కనిపిస్తుంది" అని ఉంది పాఠంలో. నాకు తెల్లటి తెర కనిపించింది. కనిపించనివాళ్ళు ఏం చేయాలో ఒక్క ముక్క కూడా రాయలేదు నువ్వు. ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి సరిపోల్చుకుంటూ పోతే ఒక కామా రాలిపోయి ఉంది. ఒక్క కామా, అనూ! ఉప్పు తక్కువైతే కూర కూరే అంటారు గానీ, నీ పనిలో అలా కాదన్నమాట.

కామా పెట్టగానే పటం వచ్చింది. నేను కేక వేశాను. మా అత్త పరుగున వచ్చింది.

"ఏటే, ఏటయింది?"

"పటం అత్తా. నేనే సేసినాను. ఇది లండన్."

అత్త కాసేపు చూసి, "ఆ ఊర్తో మనకేటే పని?" అని వెళ్ళిపోయింది.

నాకూ అదే అనుమానం.

ధనరాజు బావ ఈ నెలాఖరుకి చేపల వేటకి గుజరాత్ వెళ్తాడు, వేరావల్ రేవుకి. ఎప్పుడూ పనిచేసే సేఠు పడవే. మళ్ళీ వేసవికి గానీ రాడు. అందుకని ఇప్పుడు ఎక్కువ రాయలేను.

కుసుమ


కంటోన్మెంట్, విజయనగరం
ఆగస్టు 2016

కుసుమా,

నీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివాను. కామా దగ్గర నవ్వారు. "తేలికైనదే రాకపోతే ఇక నేనెందుకు పనికొస్తాను" దగ్గర ఎవరూ నవ్వలేదు. నరసింగరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళూ ఆ మాట మనం ధైర్యం చెప్పడానికి అనుకున్నామమ్మా" అన్నారు.

పాఠాలన్నిటిలోంచి "తేలిక" తీసేశాను. "కేవలం ఇంతే" అనేదీ తీసేశాను. "తెల్ల తెర వస్తే" అని కొత్త భాగం చేర్చాను, అందులో మొదటిది నీ కామా. లండన్ ఎగిరిపోయింది. దాని బదులు భావనపాడు. రెండో పాఠంలో ఎవరి ఇంటి మీద వాళ్ళు చుక్క పెట్టుకోవాలి. చేసి చూడు.

నువ్వు రాసిన ప్రతి తిట్టుకీ ఒక పేజీ బాగుపడుతోంది. ఇంకా తిట్టు.

అనూరాధ


భావనపాడు
సెప్టెంబరు 2016

ఒసే అనూ,

మా ఇల్లు ఉత్తర ధ్రువం దగ్గరకి పోయింది.

వాకిట్లో నిలబడి, ఫోన్లో అక్షాంశం, రేఖాంశం చూసుకుని అంకెలు రాశాను. ఏది ముందు రాయాలో నీ పాఠం చెప్పలేదు. తిరగేసి రాసినట్టున్నాను. చుక్క ఊళ్ళో కనిపించలేదు, జిల్లాలో లేదు, దేశంలోనే లేదు. పటాన్ని పైకి జరుపుకుంటూ పోతే ఆఖరి అంచున, మంచులో ఉంది. బావ అప్పటికి ఇంకా బయల్దేరలేదు. చూసి, "సలేస్తాది. దుప్పట్లు సర్దుదుమేటి?" అన్నాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఏది ముందో పెద్ద అక్షరాలతో రాయి.

మర్నాడు ఆమదాలవలసలో రైలెక్కించి వచ్చాను. మా ఊరివాళ్ళే సగం పెట్టె ఉన్నారు. పక్కింటి సూరయ్య కూడా వెళ్ళాడు, అతనిది వేరే పడవ గానీ రెండూ కలిసే వేటకి వెళ్తాయి. ప్రతి ఏడూ రైలు కదిలాక ఇంటికొచ్చి మూడు నాలుగు రోజులు మనిషిని కాను. ఈసారి ఒక ఉపాయం తోచింది. బావ పడవలో జీపీఎస్ పెట్టె ఉంటుంది. వల వేసిన చోటల్లా అంకెలు చూపిస్తుంది. వాటిని ఫోన్లో రాసుకుని, రేవుకి వచ్చాక నాకు చదివి వినిపించమన్నాను.

"నా మీద కాపలా యేటే?"

"కాపలా కాదు బావా, సదువు."

"నీ సదువుకి నాను కావాలేటి!" అన్నాడు గానీ, ఒప్పుకున్నాడు.

చుక్కలు పెట్టడం వచ్చింది. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి గీత గీయడం ఎలాగో చెప్పు. ఏ రోజు ఎటు పోయాడో తెలియాలి.

కుసుమ


కంటోన్మెంట్, విజయనగరం
అక్టోబరు 2016

కుసుమా,

నీ ప్రశ్న చదివి అన్నం మధ్యలో లేచిపోయాను. ఇన్నాళ్ళూ గీతలు గీసే పాఠానికి ఉదాహరణ దొరక్క కొట్టుకుంటున్నాను. ఇంగ్లీషులో ఏదో సైకిళ్ళ పందెం ఉంది, అది మనవాళ్ళకేం పడుతుంది! పడవ అయితే ఎవరికైనా అర్థమవుతుంది. రాసేశాను. ఎనిమిదో పాఠం. పేరు "పడవ ఎక్కడ ఉంది?"

నీకు అభ్యంతరం లేకపోతే అన్నయ్య పడవ చుక్కలే అందులో పెడతాను. ఫైలు నువ్వే మార్చుకునేలా ఏర్పాటు చేశాను. నువ్వు కొత్త అంకెలు ఎక్కించిన వెంటనే పాఠంలో పడవ కదులుతుంది. చదివే పిల్లలకి ఎంత సరదాగా ఉంటుందో ఆలోచించు! పడవకి పేరుంటే చెప్పు.

నీ ఉద్యోగం సంగతి మళ్ళీ కదిపాను. వచ్చే ఏడాది మొదట్లో అంటున్నారు.

అనూరాధ


భావనపాడు
డిసెంబరు 2016

అనూ,

పడవకి సేఠు పెట్టిన పేరు నా నోరు తిరగదు. గున్నమ్మ అని రాయి. అత్త పేరు పెడితే అత్త కాదనదని బావే చెప్పాడు.

నీ ఎనిమిదో పాఠం ఒక్క చోట కూడా ఆగకుండా చేశాను. మొదటి వాక్యం నుంచి నాతో పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంది. ఇలా రాయడం వచ్చినదానివి ముందు ఎందుకలా రాశావే?

ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళంతా మా అరుగు మీదే. లక్ష్మణమ్మ కొడుకూ ఆ పడవలోనే ఉన్నాడు. "మావోడు ఇక్కడున్నాడేటే?" అని చుక్కని చూసి, చీర చెంగుతో తెర తుడిచింది. మా అత్త మొదట నమ్మలేదు. "నా కొడుకు అంత మనిషి, ఇంత సుక్కేటే?" అంది. ఇప్పుడు బావ ఫోన్ చేసిన రోజున, నేను అంకెలు ఎక్కించేవరకూ పక్క నుంచి లేవదు. గీత పొడుగైతే, "దూరం ఎల్లిపోనాడు" అంటుంది. గీత రేవుకి తిరిగొస్తే పొయ్యి దగ్గరికి వెళ్తుంది.

పండక్కి బావ రాడు. వేట బాగుందట. నాకు మాత్రం ఈ ఏడు దూరం అంతగా తెలియలేదు. నీ పుణ్యమే.

కుసుమ


భావనపాడు
జనవరి 2017 చివర

అనూ,

కొన్ని సందేహాలు.

ఒక చుక్క పెట్టి చాలా రోజులైతే, అది పాతదని తెలిసేలా రంగు దానంతట అదే మారేటట్టు చేయవచ్చా?

చుక్క నుంచి ఒడ్డు ఎంత దూరమో కొలవడం ఎలా? అన్నిటికంటే దగ్గరి ఒడ్డు.

గాలి ఎటు వీస్తోందో, నీరు ఎటు లాగుతోందో చూపే పటాలు ఉంటాయటగా. వాటిని దీని మీద పరచవచ్చా? వీలైతే త్వరగా రాయి.

కుసుమ


కంటోన్మెంట్, విజయనగరం
ఫిబ్రవరి 2017

కుసుమా,

నీ మూడు ప్రశ్నలూ చదివి గర్వంతో చచ్చిపోయాననుకో! ఆరు నెలల కిందట కామా దగ్గర ఆగిపోయిన మనిషివి. దూరం కొలవడం తొమ్మిదో పాఠం అవుతుంది, రంగు మారడం పదోది. ఎలా చేయాలో వేరే కాగితం మీద రాసి జతచేశాను. గాలి పటాలు కొంచెం పెద్ద పని, అవి తరువాత చూద్దాం. తొందరేముంది?

ఎనిమిదో పాఠం మా పాఠాలన్నిటిలోకీ ఎక్కువమంది చదువుతున్నదట. గున్నమ్మ పడవ ఇవాళ ఎక్కడుందని పిల్లలు రోజూ తెరిచి చూస్తున్నారు. ఈమధ్య నువ్వు చుక్కలు ఎక్కించడం లేదు, బద్ధకమా? చదువు ఒంటబట్టాక పని ఎగ్గొడుతున్నావు!

అన్నయ్య ఎలా ఉన్నాడు?

అనూరాధ


భావనపాడు
ఫిబ్రవరి 2017

అనూ,

బద్ధకం కాదు. చుక్కలు లేవు.

జనవరి మొదట్లో వేటకి వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. బావ, లక్ష్మణమ్మ కొడుకు, ఇంకా అయిదుగురు. సూరయ్య పడవ వచ్చింది. రోజూ రెండు పడవలూ వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవట. ఆఖరిసారి బావే పిలిచి, "సూరయ్యా, ఈ అంకెలు రాసుకో. నాకన్నా ముందు ఒడ్డుకెల్తే మా ఇంటిదానికి సెప్పీ, సదువుకుంటన్నాది" అన్నాడట. తెల్లారి పిలిస్తే పలకలేదు. చుట్టుపక్కల వెతికారు. సరుకుల ఓడలు తిరిగే దారి అది, ఏదో గుద్దేసి ఉంటుందంటున్నారు. చెక్కముక్క కూడా దొరకలేదు. దొరకలేదు కాబట్టి అలా కాదేమో అని నేననుకున్నాను. ఇంజను చెడి, నీరు ఎటు లాగితే అటు పోయి ఉంటారనుకున్నాను. అందుకే నిన్ను గాలి సంగతి అడిగాను.

అప్పుడే నీకు రాయవలసింది. రాస్తే నిజమైపోతుందనిపించింది. నీకు తెలియకపోతే ఒక్క మనిషికైనా బావ ఇంకా వేటలో ఉన్నట్టేగా.

నువ్వు పంపిన కాగితం చూసి దూరం కొలిచాను. పటం అచ్చు తీయించి, ఇంకా వెతికించమని అడగడానికి సూరయ్య భార్యని తోడు తీసుకుని శ్రీకాకుళం వెళ్ళాను. అక్కడ చేపల శాఖ ఆఫీసులో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఓపిగ్గానే చూశారు.

"ఈ మ్యాపు ఎవరిచ్చారమ్మా?"

"నేనే చేశానండీ."

అక్కడి ఆఫీసరు ఇంకోసారి చూసి, మడత పెట్టి నా చేతికే ఇచ్చాడు. "బాగా చేశావు. కానీ మనంతట మనం చేసుకున్నవి పనికిరావమ్మా. ఆ వేరావల్ రేవువాళ్ళు రాయాలి" అన్నాడు. రేవువాళ్ళని అడిగితే వెతకడం అయిపోయిందన్నారు. గాలి పటం వేసినా ఎవరికి చూపించను?

మీ పాఠంలో ఆఖరి చుక్క సూరయ్య చెప్పినదే. అతను ఫోన్ చేసి చెప్పిన రోజే ఎక్కించాను.

కుసుమ


కంటోన్మెంట్, విజయనగరం
మార్చి 2017

కుసుమా,

మొన్న మీ ఇంటికి వచ్చి, నీ పక్కన అంతసేపు కూర్చుని వచ్చేశాను. తిరిగొస్తూ బస్సులో, నీకు నేను రాసినవన్నీ గుర్తొచ్చాయి. "తొందరేముంది" అని రాశాను నీకు. "బద్ధకమా" అని రాశాను. ఆ ఉత్తరం చించెయ్.

నువ్వు అడిగిన గాలి పటం నాలుగు రోజులు కూర్చుని చేశాను. ఆఖరి చుక్క దగ్గర పెట్టి చూశాను. ఆ నెల గాలంతా ఒడ్డు నుంచి సముద్రంలోకే. పంపమంటే పంపుతాను. పంపకపోతేనే మంచిదేమో అనిపిస్తోంది. నాకేం తెలియడం లేదే.

అనూరాధ


కంటోన్మెంట్, విజయనగరం
ఏప్రిల్ 2017

కుసుమా,

గాలి పటం గురించి నువ్వు ఏమీ రాయలేదు. నేనూ పంపలేదు.

ఈ ఉత్తరం వారం రోజులుగా రాస్తూ చించేస్తున్నాను. పాఠాలు ఇప్పుడు కొన్ని కాలేజీలు తీసుకున్నాయి. చదివేవాళ్ళు సందేహాలు రాసి పంపుతున్నారు. బొబ్బిలి నుంచి పాలిటెక్నిక్ చదివే యమున అనే అమ్మాయి, "ఎనిమిదో పాఠంలో అన్ని గీతలూ రేవుకి తిరిగొచ్చాయి, ఆఖరి గీత సముద్రంలోనే ఆగిపోయింది. అంకెలు ఎక్కించడం మరచిపోయారా, లేక నేను చేయడంలో ఏదైనా తప్పుందా?" అని అడిగింది. తన ప్రోగ్రాం మొత్తం మూడుసార్లు తుడిచి మళ్ళీ రాసిందట, పాపం. ఇంకా చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. తమదే తప్పనుకుంటున్నారు.

నరసింగరావు గారికి సంగతి తెలుసు. రెండు నెలలు ఏమీ అనలేదు. పోయిన వారం నన్ను పిలిచి, తల ఎత్తకుండానే, "కొత్తగా నేర్చుకునేవాళ్ళు తికమకపడుతున్నారమ్మా. నాలుగు చుక్కలు కలిపి పడవని రేవుకి చేర్చేద్దామా? లేదంటే పడవ తీసేసి బస్సు పెడదామా?" అన్నారు. ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. నువ్వు నాకు నేర్పిందీ అదే, నేర్చుకునేవాళ్ళు ఆగిపోయేచోటు మనం సరిచేయాలని. కానీ ఆ ఫైలు తెరిచి, ఆఖరి చుక్క కింద ఇంకో అంకె కొట్టకుండానే మూసేశాను. అడగకుండా చేయలేను.

నువ్వు ఏది చెబితే అదే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ఉద్యోగానికి డిగ్రీ పూర్తయినవాళ్ళే కావాలన్నారు. వేరే అమ్మాయిని తీసుకున్నారు. నేను గట్టిగా పట్టుబట్టవలసింది.

అనూరాధ


భావనపాడు
మే 2017

అనూ,

ఉద్యోగం సంగతి వదిలెయ్. దాని మాట నువ్వు రాయడం మానేసినప్పుడే తెలిసింది. నేను తెల్లవారకముందే చేపల వేలానికి వెళ్తున్నాను, లక్ష్మణమ్మతో కలిసి. గంప నాకింకా అలవాటు కాలేదు. మెడ పట్టేస్తోంది. లాప్‌టాప్ మీ తమ్ముడు ఇటువైపు వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను.

నీ ఉత్తరం చదివాక మొదట నాకు కోపం వచ్చింది. తరువాత ఏం తోచిందో చెబితే నవ్వకు. ఎలాగూ చేర్చేదే అయితే ఆ రేవుకి ఎందుకు, మా ఊరికే చేరుద్దామనిపించింది. నా దగ్గరున్న ఫైల్లో ఆఖరి చుక్క కింద మా ఒడ్డు అంకెలు రాశాను. సముద్రం మీదుగా చుట్టూ తిప్పి తేవడానికి మధ్యలో చుక్కలు కావాలి కదా, అవి పెట్టలేదు. గీత సముద్రంలోంచి లేచి, మహారాష్ట్ర మీదుగా, బస్తర్ అడవుల మీదుగా తిన్నగా వచ్చి భావనపాడులో ఆగింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. అత్త ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో తెలియదు. జనవరి తరువాత ఆమె మళ్ళీ ఆ తెర వైపు చూడటం అదే మొదటిసారి.

"ఇది నేలేనేటే?"

"నేలే అత్తా."

"నేల మీద పడవొస్తాదేటే?"

"రాదత్తా."

"మరెందుకు గీసినావు?"

అత్త నా పక్కన కూర్చుంది. వేలు పెట్టి ఆ గీత వెంట మెల్లగా మా ఊరిదాకా వచ్చింది. ఇన్ని నెలలుగా ఇంట్లో కార్యం మాట ఎత్తనివ్వలేదు ఆమె. పెద్ద బావ ఎన్నిసార్లు అడిగినా, "నా కొడుకు వేటకెల్లినాడు" అని లోపలికి పోయేది. నా గాజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"తీసీవే," అంది. "ఎవులైనా సూత్తే నవ్వుతారు."

తీసేశాను. గీత పోయి చుక్క మిగిలింది. అత్త లేచి, గుమ్మం దాకా వెళ్ళి, అటు తిరిగే అంది, "పెద్దోడికి సెప్పు. ఆ కార్యం కానిచ్చీమను."

వచ్చే గురువారం పెట్టుకున్నారు. మనిషి దొరకలేదు కాబట్టి దహనానికి బొమ్మ చేస్తారట. బావ చొక్కా ఒకటి అడిగారు, తీసి ఇచ్చాను. నువ్వు రాకు. నువ్వు వస్తే నేను నిలబడలేను, ఆ రోజు అత్తని నేను పట్టుకోవాలి.

పాఠం సంగతి. బస్సు పెట్టకు, నీళ్ళ మీద అయితేనే పిల్లలకి గీత బాగా కనిపిస్తుంది. మీ నరసింగరావు గారు చెప్పినట్టే నాలుగు చుక్కలు పెట్టి వేరావల్ రేవుకి చేర్చు. గున్నమ్మ అనే పేరు మాత్రం తీసెయ్.

బొబ్బిలి అమ్మాయికి వెంటనే జవాబు రాయి. ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదని, అంకెలు మనమే ఎక్కించలేదని రాయి. పడవ వచ్చేసిందని రాయి. లేకపోతే ఆ పిల్ల మళ్ళీ అంతా తుడిచి మొదటినుంచి రాస్తుంది.

కుసుమ